నమూనా సర్వీసు చెప్పిన పన్నెండు సీసాలు

వెబ్ సర్వీసు అంటే ఏమిటని నన్ను చాలామంది అడిగారు. అందరికంటే బాగా అడిగింది మా నాన్న. ఆలూరు పక్క పల్లెలో జొన్న, పత్తి వేసే మనిషి. బడికి పోయింది నాలుగేళ్లు. నేను కర్నూలులో శిక్షణ తీసుకుంటున్న రోజుల్లో ఒక ఆదివారం ఇంటికి వెళితే, ఏం నేర్పిస్తున్నారని అడిగాడు. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరును ఏదైనా అడిగితే అది జవాబు చెప్పేటట్టు రాయడం నేర్పిస్తున్నారని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఫస్టు నోరు తెరిచేది ఏదమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే సగం విద్య వచ్చేసింది. సర్వీసు తనంతట తాను నోరు తెరవదు. ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఎవరైనా వచ్చి అడిగితే, అడిగినంతవరకు జవాబు చెప్పి మళ్లీ కూర్చుంటుంది. ఆ జవాబు పట్టుకుపోయి అవతలివాళ్లు ఏం చేసుకున్నారో దానికి తెలియదు. మొదటి సంగతులు నాకు ఆ వారంలోనే అర్థమయ్యాయి. చివరిది అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. ఆ లోపల ఒక మనిషికి రెండు వేళ్లు పోయాయి.

నేను రిటైరై ఏడాది దాటింది. కర్నూలు పక్కనే కల్లూరులో ఉంటున్నాను. జిల్లా ఆఫీసుల కోసం ప్రోగ్రాములు రాసే ఒక విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. నాకు ఏ పదోన్నతి ఎప్పుడు వచ్చిందో మీకు అక్కరలేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నవి వేరే ఉన్నాయి.

పక్క గదిలో పలకని సర్వీసు

శిక్షణలో అందరికీ ఇచ్చే మొదటి నమూనా ఒకటే. పేరు పంపితే నమస్కారం చెప్పే సర్వీసు. "సరోజ" అని పంపితే "నమస్కారం, సరోజ" అని తిరిగి వస్తుంది. ప్రోగ్రాము పది వరసలు కూడా ఉండదు. రాయడానికి నాకు అరగంట పట్టింది. దాన్ని నడిపించడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఇది మీకు ముందే చెబుతున్నాను. రాయడం చిన్న పని, నిలబెట్టడం పెద్ద పని. ముందు సర్వర్ సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. ప్రోగ్రామును అది వెతికే చోటనే పెట్టాలి. ఆ తర్వాత సర్వర్‌ను మొదలుపెట్టి, బ్రౌజరులో చిరునామా కొట్టి చూడాలి. మూడు రోజులు నాకు తెల్ల తెర తప్ప ఏమీ కనిపించలేదు. చివరికి చూస్తే ఫోల్డరు పేరులో ఒక పెద్ద అక్షరం ఉంది, చిరునామాలో నేను చిన్న అక్షరం కొడుతున్నాను. మనుషులు పట్టించుకోని తేడా అది. సర్వర్‌కు అవి రెండు వేరే వేరే ఊర్లు.

నాలుగో రోజు జవాబు వచ్చింది. మా పై అధికారి నాగిరెడ్డి సారును పిలుచుకొచ్చి చూపించాను. ఆయన కంప్యూటరు చదువు చదివినవాడు కాదు. నంద్యాల దగ్గర పొలాలున్న కుటుంబం, లెక్కల ఎమ్మెస్సీ చేసి ఈ విభాగంలోకి వచ్చాడు. తెర వంక చూసి తల ఊపి పక్క గదిలోకి నడిచాడు. అక్కడి కంప్యూటరులో అదే చిరునామా కొట్టాడు. ఏమీ రాలేదు.

"నీ ఇంట్లో నువ్వు పిలుచుకుంటే పలికేది సర్వీసు కాదు సరోజమ్మా. ఊరవతల నుంచి పిలిస్తే పలకాల" అన్నాడు.

బయటి నుంచి వచ్చే పిలుపులను ఆపేసే ఫైర్‌వాల్ అనే కాపలా ఒకటి నా మిషనులో ఉందని, అందులో నా సర్వీసు కోసం ఒక దారి తెరవాలని తెలుసుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ఉద్యోగమంతా నేను రాసిన ప్రతిదాన్నీ వేరే గది నుంచి, వేరే ఊరి నుంచి పరీక్షించాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే. ఇదే మనిషి గురించి కింద కొంచెం కఠినంగా రాయబోతున్నాను కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

ఎనిమిది ప్రశ్నార్థకాలు

ఊరవతల అంటే నాకు కడప. అక్కడి ఆఫీసులో నెట్‌వర్కు చూసే మహబూబ్ బాషా నాకు ఫోనులోనే పరిచయం. నాకంటే చిన్నవాడు, మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలిచాడు. తొమ్మిదో రోజు పొద్దున అతనికి ఫోను చేసి, చిరునామా చెప్పి, నీ పేరు ఇంగ్లీషులో కొట్టి పంపించి చూడప్పా అన్నాను. ముందురోజు సాయంత్రం వరకు నా సర్వీసు ఇంగ్లీషు అక్షరాల్లో నమస్కారం చెబుతుండేది. కడపకు చూపిస్తున్నాం కదా అని తెలుగులోకి మార్చాను. మార్చిన తర్వాత మళ్లీ పరీక్షించలేదు.

అతను కొట్టాడు. తర్వాత, "అక్కా, నీ మిషను నన్ను అనుమానిస్తాండాది. నా పేరు ముందర వరసగా ఎనిమిది ప్రశ్నార్థకాలు పెట్టినాది" అన్నాడు.

నేను నవ్వలేదు. ఎనిమిదే ఎందుకని ఆలోచనలో పడ్డాను. నమస్కారం అని పలికితే నాలుగు అక్షరాలు. మరి ఎనిమిది ఎక్కడివి? కాగితం తీసి రాసుకుంటూ కూర్చున్నాను. న, మ, స ఒకటొకటి. స కింద క ఒత్తు రావాలంటే మధ్యలో పొల్లు గుర్తు ఒకటి. తర్వాత క. దాని దీర్ఘం విడిగా ఒకటి. ర. చివర సున్న విడిగా ఒకటి. ఎనిమిది. మనకు ఒక్క ముద్దగా కనిపించే "స్కా" కంప్యూటరు కడుపులో నాలుగు ముక్కలు. నా సర్వర్ జవాబును తెలుగే లేని పాత అక్షరాల పట్టికతో పంపుతోంది. ఆ పట్టికలో దొరకని ప్రతి ముక్కకూ ఒక ప్రశ్నార్థకం పెట్టింది. ఏ పట్టిక వాడాలో ప్రోగ్రాములో ఒక్క వరస రాస్తే సరిపోయింది.

మధ్యాహ్నం బాషా మళ్లీ కొట్టాడు. "వచ్చిందక్కా. నమస్కారం మహబూబ్ బాషా అని శుభ్రంగా వచ్చింది" అన్నాడు. అటు వైపు ఇంకెవరో పేరు పంపుతున్నట్టు నా లాగ్‌లో కనిపించింది. లాగ్ అంటే సర్వర్ తనకు తానే రాసుకునే దినచర్య. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఏం అడిగారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క గీత. ఆ మధ్యాహ్నం కడప ఆఫీసులో అటెండరు నుంచి ఆఫీసరు దాకా అందరూ ఒకసారి నమస్కారం పెట్టించుకున్నారు. ఇరవై గీతలు పడ్డాయి. వాటిని ఒక్కొక్కటే చదువుకుంటూ అన్నం తినడం మరిచిపోయాను.

మీకు ఈ ఉద్యోగం పడుతుందో లేదో తెలుసుకోవాలంటే దీన్ని కొలతగా పెట్టుకోండి. తప్పు వచ్చినప్పుడు విసుగు పుడుతుందా, ఎనిమిదే ఎందుకు అన్న ప్రశ్న పుడుతుందా? రెండోది పుడితే ఉండండి.

వారంలో కావాలన్నారు

కొన్నేళ్ల తర్వాతి సంగతి. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో ఏ మందు ఎంత ఉందో ఒకచోట నుంచి తెలుసుకునే ఏర్పాటు చేయాలని పైన అనుకున్నారు. మొదట పాముకాటు మందుతో మొదలుపెడదామన్నారు. మా సీమలో శెనక్కాయ పీకే కాలం వస్తే పాముకాటు లేని వారం ఉండదు. ఒక కేంద్రంలో మందు అయిపోయి, పక్క కేంద్రంలో ఉందో లేదో తెలియక మనిషిని ఊరూరా తిప్పడం అందరూ చూసిందే.

వారంలో ఒక నమూనా చూపించాలని నాగిరెడ్డి సారు నాకు చెప్పాడు. నిజం సర్వీసు రాయాలంటే ప్రతి కేంద్రంలో ఎవరు లెక్కపెడతారు, ఎక్కడ రాస్తారు, ఎప్పుడు పంపుతారు అన్నీ తెలియాలి. అప్పటికి నేను ఒక్క ఆరోగ్య కేంద్రం మందుల గది కూడా చూడలేదు. అందుకని నమూనా రాశాను. కేంద్రం పేరు పంపితే జవాబు వస్తుంది. ఏ పేరు పంపినా జవాబు ఒకటే: పాముకాటు మందు, పన్నెండు సీసాలు.

పన్నెండే ఎందుకు పెట్టానో చెప్పాలి. సున్నా పెడితే చూసేవాళ్లకు బాగుండదు. వంద పెడితే ఎవరూ నమ్మరు. నమ్మేటట్టు ఉండాలని పన్నెండు పెట్టాను. నా తప్పు ఈ వాక్యంలోనే ఉంది. సర్వర్‌లోనూ లేదు, నెట్‌వర్కులోనూ లేదు.

కడప వైపు మూడు కేంద్రాల్లో బాషా మనుషులు ఒక చిన్న పేజీ పెట్టారు. అందులో పక్క కేంద్రం పేరు నొక్కితే నా సర్వీసు జవాబు చూపిస్తుంది. పేజీ అడుగున నా బల్ల మీది ఫోను నంబరు రాయించాను. చూపించిన రోజు అందరూ మెచ్చుకున్నారు. తర్వాత పైన ఒకరు బదిలీ అయ్యారు, ఇంకొకరు వచ్చారు, పని ఆగిపోయింది. ఆపమని ఎవరూ చెప్పలేదు, నడపమనీ చెప్పలేదు. నమూనా నడుస్తూనే ఉంది.

ప్రతి పొద్దునా ఒక గీత

నెల దాటాక ఒకరోజు వేరే పని మీద ఆ సర్వర్ లాగ్ తెరిస్తే, రోజుకు ఒక గీత కనిపించింది. పొద్దున తొమ్మిదింబావుకు అటూ ఇటూగా. ఒకే చోటు నుంచి, ఒకే కేంద్రం పేరు. ఆదివారాల్లో మాత్రం లేదు. ఎవరో నా నమూనాను రోజూ పలకరిస్తున్నారు.

ఎవరై ఉంటారని నాకు ఒకటే ఆరాటం. బాషాను అడిగితే, వేంపల్లె దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి కేంద్రం అయ్యుంటుందన్నాడు. "యాడో ఒక చోట వాడుతాండారు కదక్కా, మంచిదే కదా" అన్నాడు. నాగిరెడ్డి సారుకు చెప్పాను. వాడకంలో ఉందని సమీక్షలో చెప్పుకోవచ్చు, ఉండనీ అన్నాడు.

నేను ఉండనిచ్చాను. ఇది దాచడం లేదు. ఒక ఫోను చేసి, అమ్మా ఇది నమూనా, దీన్ని నమ్మొద్దు అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పలేదు. రోజూ పొద్దున ఆ గీత పడిందా లేదా అని చూసుకుంటూ ఉండేదాన్ని. పడితే సంతోషం. ఎనిమిది ప్రశ్నార్థకాలను అంత పట్టుదలగా తవ్విన మనిషిని, ఈ గీత వెనక ఎవరున్నారో మాత్రం తవ్వలేదు. నాకు నచ్చే జవాబు ముందే దొరికిపోయింది కాబట్టి ప్రశ్న ఆగిపోయింది.

రెండు నెలలు అట్లా గడిచాయి. ఒకరోజు గీత మధ్యాహ్నం కూడా పడింది. మూడుసార్లు, వెంట వెంటనే.

ఫోను

మర్నాడు పదకొండు గంటలకు నా బల్ల మీద ఫోను మోగింది. ఆడగొంతు. తన పేరు ఈశ్వరమ్మ అని, ఆ కేంద్రంలో ఫార్మసిస్టునని చెప్పింది. గొంతులో కోపం లేదు. బాగా అలసిపోయినట్టు ఉంది.

"పేజీ కింద మీ నంబరు ఉంటే చేస్తాండా మేడం. ఒక మాట అడగాల. ఆ పక్క ఊర్లో పన్నెండు సీసాలు ఉండాయని మీ దాంట్లో వస్తాది కదా. ఆ పన్నెండు ఎవరు లెక్కబెట్టినారు?"

ఎవరూ లెక్కపెట్టలేదమ్మా, నేనే రాశాను, అది నమూనా అని చెప్పాను.

అప్పుడు ఆమె జరిగింది చెప్పింది. ముందురోజు మధ్యాహ్నం సుబ్బరాయుడు అనే రైతును తీసుకొచ్చారు. పశువుల మేతకని ఎండబెట్టిన శెనక్కాయ కట్టెను కుప్ప వేస్తుంటే కుడిచేతి వేళ్ల మీద రక్తపింజరి కాటేసింది. ఆమె దగ్గర మందు ఆ వారమే అయిపోయింది. పక్క ఊర్లో పన్నెండు ఉన్నాయని రోజూ చూస్తోంది కాబట్టి ధైర్యంగా ఉంది. అయినా మూడుసార్లు నొక్కి చూసుకుంది. మూడుసార్లూ పన్నెండే వచ్చింది. ఆటోలో అక్కడికి పంపింది. అక్కడ ఒక్క సీసా కూడా లేదు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి కడప పెద్దాసుపత్రికి చేరేసరికి గంటన్నర పోయింది. ముందే కడపకు పంపి ఉంటే ఆ గంటన్నర మిగిలేది.

మనిషి బతికే ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడు, మూత్రపిండాలు పని చేయడం లేదు, మిషను మీద రక్తం శుద్ధి చేస్తున్నారు అంది.

ఫోను పెట్టేసి మొదట నమూనాను ఆపేశాను. తర్వాత నాగిరెడ్డి సారు దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, నమూనాను నమ్మమని వాళ్లకు ఎవరు చెప్పారన్నాడు. కాగితం మీద ఏమీ పెట్టవద్దన్నాడు. నేను కడప పోయి వస్తానంటే, ఆఫీసు పని మీద వద్దు, సెలవు పెట్టుకుని పో అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. కానీ ఆ మాట తప్పు. నమ్మేటట్టు రాసి, నమ్మే చోట పెట్టి, నమ్మినవాళ్లను తప్పుపట్టడం కుదరదు. సెలవు కాగితం ఆయన బల్ల మీద పెట్టి, బాషాకు ఫోనులో అంతా చెప్పి, మర్నాడు పొద్దున్నే బస్టాండుకు పోయాను.

ఆసుపత్రి వరండాలో

కడప బస్టాండులో బాషా నా కోసం నిలబడి ఉన్నాడు. అతనూ రాత్రంతా నిద్రపోలేదని ముఖం చూస్తే తెలిసింది. ఇద్దరం ఆసుపత్రికి పోయాం. సుబ్బరాయుడి భార్య లక్ష్మీదేవి వరండాలో చాప వేసుకుని కూర్చుని ఉంది. నేను ఎవరో, ఏం చేశానో చెప్పాను. కంప్యూటరు మాటలేవీ వాడలేదు. మీ ఆయన్ను పక్క ఊరికి పంపించిన లెక్క నేను ఊహించి రాసింది అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీ ఇంట్లో మనిషికైతే చూడకుండా పన్నెండని రాసుందువా?" అంది.

రాసి ఉండేదాన్ని కాదని చెప్పాను. ఆమె కూర్చోమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. నేనూ బాషా గోడకు ఆనుకుని సాయంత్రం దాకా నిలబడ్డాం.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు సుబ్బరాయుడు లేచి కూర్చోగలుగుతున్నాడు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు తీసేశారు. అతనికి కోపం కంటే తెలుసుకోవాలన్న కోరిక ఎక్కువ ఉన్నట్టు అనిపించింది. ఆ మిషనుకు మందు ఉండేది లేనిది ఎట్లా తెలుస్తుందని అడిగాడు. దానికి తెలియదు, మనం రాసిందే చెబుతుంది అన్నాను. అతను కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ, "అయితే దాన్ని అడిగేది ఎందుకు? రాసినోళ్లనే అడగొచ్చు కదా" అన్నాడు.

ఇన్నేళ్లలో మా విద్య గురించి ఇంత సూటిగా మాట్లాడినవాళ్లను నేను చూడలేదు. అతను ఆ తర్వాత పార పట్టలేకపోయాడు. పొలం తమ్ముడికి అప్పగించి గొర్రెలు పెట్టుకున్నాడు. జరిగింది జరిగినట్టు నేను రాసిచ్చిన ఉత్తరం పైకి పోయింది. దాని మీద సంతకం పెట్టి పంపించింది నాగిరెడ్డి సారే. పది రోజులు ఆలోచించి పెట్టాడు. దాని వల్ల ఉద్యోగంలో నాకు వచ్చిన ఇబ్బంది చెప్పుకోవలసినంత సంగతి కాదు.

ఈశ్వరమ్మ మందుల గది

ఆగిన పని ఆ ఉత్తరంతో మళ్లీ కదిలింది. నిజం సర్వీసు రాయమన్నారు. ఈసారి ఒక్క వరస రాయకముందు నాలుగు రోజులు ఈశ్వరమ్మ మందుల గదిలో కూర్చుంటానని అడిగాను. ఆమె వద్దనలేదు. స్టూలు ఒకటి చూపించి తన పనిలో తాను పడింది.

ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నది శిక్షణలో ఎవరూ చెప్పరు. మందులు సోమవారం లెక్కపెడతారు. మంగళవారం నుంచి రిజిస్టరులో ఉండేది సోమవారం నిజం. సీసా వాడిన వెంటనే రాయడం కుదరదు, ఎదురుగా మనిషి కొట్టుకుంటుంటే పెన్ను ఎవరు పట్టుకుంటారు? సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తారు. ఫార్మసిస్టు సెలవు పెడితే తాళం ఒకరి దగ్గర, రిజిస్టరు ఇంకొకరి దగ్గర. కాలం దాటిన సీసాలు కూడా అదే అలమరలో పక్కన ఉంటాయి, అవీ లెక్కలో కలిసిపోతుంటాయి.

నా రోజువారీ గీత గురించి ఆమెను అడిగాను. పొద్దున గది తెరిచి, దేవుడి పటానికి దండం పెట్టి, పక్క ఊర్లో మందు ఉందో లేదో చూసుకుని పని మొదలుపెట్టేదట. ఎప్పుడూ పన్నెండే వస్తుంటే అనుమానం రాలేదా అని అడిగాను. వాళ్ల ఊర్లో పాముకాట్లు తక్కువేమోలే అనుకున్నానంది. మనకు కావలసిన జవాబు వస్తుంటే ఎవరమైనా అంతే అనుకుంటాం. నేను నా గీతను చూసుకున్నట్టే ఆమె నా పన్నెండును చూసుకుంది.

కొత్త సర్వీసు జవాబులో అంకెతో పాటు రెండు సంగతులు చేర్చాను. ఎవరు లెక్కపెట్టారు, ఎప్పుడు లెక్కపెట్టారు. ఆ లెక్క ఒక రోజు దాటితే అంకె మాయమై "తెలియదు" అని వస్తుంది, కింద ఆ కేంద్రం ఫోను నంబరు ఉంటుంది. ఈ తెలియదు అన్న జవాబు దగ్గర పెద్ద గొడవ అయింది. కడపలో పెట్టిన సమావేశంలో నాగిరెడ్డి సారే లేచి, తెలియదని చెప్పేదానికి ఇంత మిషను ఎందుకు, చూసేవాళ్లు నవ్వుతారు, పాత లెక్క ఉంటే పాతదే చూపిద్దాం అన్నాడు. చాలామంది అవునన్నారు. నాకు వాదించడం చేతకాదు. వెనక వరసలో కూర్చున్న ఈశ్వరమ్మ నిలబడింది.

"తెల్దు అని చెప్తే నేను ఫోను చేస్తాను సార్. ఉండాది అని చెప్తే మనిషిని పంపిస్తాను" అంది.

నాగిరెడ్డి సారు కూర్చుని, తన ముందున్న కాగితం మీద తెలియదు అన్న మాట మీద కొట్టిన గీతను చెరిపేశాడు.

మొదటి నెలల్లో తెరలన్నీ తెలియదుతో నిండిపోయాయి. చూసినవాళ్లు నిజంగానే నవ్వారు. తర్వాత తమ ఊరి పేరు పక్కన ఆ మాట కనిపించడం ఇష్టం లేక ఒక్కొక్క కేంద్రం రోజూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నమూనా రాసేవాళ్లకు నా మాట ఇంతే. నమూనా జవాబు చూడగానే అబద్ధమని తెలియాలి. పన్నెండు పెట్టకండి. "ఇది నమూనా, నమ్మవద్దు" అని జవాబులోనే రాయండి. పని అయిపోయిన రోజే ఆపేయండి. మీ సర్వీసును రోజూ ఎవరైనా పిలుస్తుంటే సంతోషపడే ముందు వాళ్లకు ఫోను చేయండి.

వాన పడిన రోజు

నేను రిటైరయ్యే ఏడాది, వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఈశ్వరమ్మ ఫోను చేసింది. ఆ వారం మొదట్లో బడి గోడ పక్కన ఆడుకుంటున్న పదేళ్ల పాపకు పాము కరిచిందట. ఆమె దగ్గర ఉన్న మందు అంతకుముందు రోజే ఇంకో మనిషికి వాడేసింది. తెర చూస్తే దగ్గరి కేంద్రం తెలియదు అంటోంది. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. అంతకు రెండింతల దూరంలో ఉన్న ఇంకో కేంద్రంలో ఎనిమిది సీసాలు, ఆ పొద్దునే నర్సు లెక్కపెట్టింది అని వచ్చింది. పాపను దగ్గరిది దాటించి దూరం కేంద్రానికి పంపింది. పాపకు మందు అందింది. మూడో రోజు ఇంటికి వచ్చి మళ్లీ బడికి పోతోంది.

ఇదంతా చెప్పాక, "ఒక్క మాట మేడం. ఆ దగ్గరి దాంట్లో మందు ఉన్నిందంట. ఆరు సీసాలు" అంది.

మరి ఎందుకు లెక్కపెట్టలేదని అడిగాను. తనకూ తెలియదంది.

ఈసారి ఆ ప్రశ్నను వదిలిపెట్టలేదు. మరుసటి రోజు పొద్దున బస్సెక్కి, కడపలో మారి, వేంపల్లెలో ఇంకోసారి మారి ఆ దగ్గరి కేంద్రం ఉన్న ఊరికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. వాన వెలిసింది. కేంద్రంలో నర్సు ఒక్కతే ఉంది. పేరు రమణమ్మ. లెక్క ఎందుకు పెట్టలేదని అడిగితే నన్ను మందుల గదిలోకి తీసుకుపోయింది. అలమర తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంది: పాము మందు ఆరు, ఆ రోజు తేదీ, ఆమె పొట్టి సంతకం. పైన తుడిచిన పాత లెక్కలు మసకగా కనిపిస్తున్నాయి. ఒక్క రోజు కూడా తప్పలేదు.

"లెక్క రోజూ పెడతాండాం మేడం. గాలివానకు స్తంభాలు పడి ఎనిమిది రోజులాయ కరెంటు లేక. ఆఫీసు ఫోను గూడా సచ్చిపోయింది. యాడ కొట్టాల మేము?" అంది.

ఆమె ప్రతి పొద్దునా నిజం రాసి పెట్టింది. దాన్ని వినే చెవి నా సర్వీసుకు లేదు. కరెంటు ఉన్నచోట నుంచి, కంప్యూటరులో నుంచి చెబితేనే వినేటట్టు నేను రాశాను. తెలియదు అన్న జవాబు నిజాయితీగా ఉందని మురిసిపోయానే గానీ, తెలిసినవాళ్లు చెప్పే దారి మూసుకుపోయి ఉందేమోనని ఆలోచించలేదు. ఆ పాప అదృష్టవంతురాలు. దూరం కేంద్రం ఇంకో పది మైళ్లు అవతల ఉండి ఉంటే ఏమయ్యేదో.

ఆ తలుపు ముందు స్టూలు లాక్కుని కూర్చుని సంచిలోంచి నోటుబుక్కు తీశాను. రిటైరు కావడానికి ఇంకా నాలుగు నెలలు ఉంది. కరెంటు పోయినప్పుడు కూడా నీ దగ్గర పని చేసేది, లెక్క పంపగలిగేది ఏముంటుందమ్మా అని అడిగాను. రమణమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్న చిన్న బటన్ల ఫోను తీసి, దాని గీతలు పడిన తెరను కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.